బ్లాజార్ జెట్ వెలుగులో షాక్ తరంగాన్ని గుర్తించడం ఎలా: లాప్‌టాప్ ముందు కూర్చుని చేసే పనికి సమగ్ర మార్గదర్శి

పోయిన వేసవిలో మా ఆఫీసులో కొత్తగా చేరిన అనంతపురం కుర్రాడు ఒకడు లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. తెర మీద 3సీ 279 అనే బ్లాజార్ (ఒక రకం దూరపు గెలాక్సీ) తాలూకు గామా కిరణాల గ్రాఫ్ ఉంది. అక్కడక్కడా చిన్న గుట్టల్లా ఉన్న చుక్కలు 2015 జూన్ దగ్గర నిట్టనిలువుగా లేచాయి.

"అన్నా, ఇది షాక్ తరంగమే కదా?" అన్నాడు.

"కావచ్చు తమ్ముడూ. ఈ ఒక్క గ్రాఫు చూసి మాత్రం చెప్పలేం" అన్నాను.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో కూర్చుని ఇద్దరం చేసిన పనినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. కావలసినవి ఒక లాప్‌టాప్, ఇంటర్నెట్, ఎక్సెల్ గానీ పైథాన్ గానీ, ఇంటర్‌లో చదివిన లాగరిథమ్‌లు. టెలిస్కోప్ అవసరం చివర్లో వస్తుంది, అది కూడా మీకు ఇష్టమైతేనే.

ముందు జెట్‌ను కళ్ళ ముందు నిలుపుకోండి

క్రియాశీల గెలాక్సీ నడిబొడ్డున సూర్యుడికి లక్షల నుంచి వందల కోట్ల రెట్ల ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం ఉంటుంది. దాని చుట్టూ తిరుగుతూ లోపలికి జారే పదార్థంలో కొంత భాగం, అయస్కాంత క్షేత్రాల బలంతో, రెండు ఎదురెదురు దిక్కులకు సన్నని ధారలుగా చిమ్ముకొస్తుంది. ఈ ధారలే జెట్‌లు. 1918లో హీబర్ కర్టిస్ ఎం87 గెలాక్సీలో ఒక తిన్నని కిరణం లాంటిది ఉందని రాశాడు. జెట్‌ను మనిషి చూడటం అదే మొదలు. అది ఏమిటో అర్థం కావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

ఆ ధార దాదాపు మనవైపే గురిపెట్టి ఉంటే ఆ గెలాక్సీని బ్లాజార్ అంటాం. వీటిలో పేరుమోసిన బీఎల్ లాసెర్టేను 1929లో కూనో హోఫ్‌మైస్టర్ వెలుగు మారే నక్షత్రంగా నమోదు చేశాడు. ఆ పేరు నక్షత్రాలకు పెట్టే తీరులో ఉండటానికి కారణం అదే. 1968లో అది ఒక రేడియో మూలంతో కలుస్తుందని తేలాకే దాని అసలు సంగతి బయటపడటం మొదలైంది.

జెట్‌లో వెలుగు ఎలా పుడుతుంది? కాంతివేగానికి దగ్గరగా పరిగెత్తే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ సింక్రోట్రాన్ వికిరణం ఇస్తాయి. రేడియో నుంచి దృశ్యకాంతి వరకు, కొన్ని బ్లాజార్లలో ఎక్స్ కిరణాల వరకు కూడా, మనం చూసేది ఇదే. అవే ఎలక్ట్రాన్లు మామూలు ఫోటాన్లను ఢీకొట్టి వాటి శక్తిని గామా కిరణాల స్థాయికి ఎగదోస్తాయని ఎక్కువమంది పరిశోధకుల లెక్క. కాబట్టి జెట్‌లో ఎక్కడైనా ఎలక్ట్రాన్లకు ఒక్కసారిగా శక్తి అందితే, అన్ని రంగుల్లోనూ దాని గుర్తు పడుతుంది. ఆ శక్తిని అందించే స్థలాల్లో ముఖ్యమైనది షాక్.

షాక్ అంటే ఏమిటో తెలియడానికి రెండు దృశ్యాలు చాలు. హోసూరు రోడ్డు మీద ముందు బండ్లు నెమ్మదించినప్పుడు, వెనక వేగంగా వచ్చే బండ్లు ఒక గీత గీసినట్టు ఒకచోట ఇరుక్కుపోతాయి. ఆ గీతకు ఇటువైపు పలుచన, అటువైపు చిక్కదనం. వచ్చి కలిసే బండ్లు మారుతుంటాయి గానీ ఆ గీత ఒక వస్తువులా రోడ్డు మీద కదులుతుంది. ఇది కదిలే షాక్. రెండోది వంటింటి సింకులో కనబడుతుంది. కుళాయి ధార పడ్డచోట నీళ్ళు పలుచగా పరుచుకుని, కొంత దూరంలో గుండ్రని గట్టులా లేస్తాయి. నీళ్ళు పారుతూనే ఉంటాయి, గట్టు మాత్రం అక్కడే నిలుస్తుంది. జెట్‌లలో నిలిచి ఉండే షాక్‌లకు ఇది దగ్గరి పోలిక.

జెట్‌లో కదిలే షాక్ పుట్టే తీరు ఇలా ఉంటుంది. కృష్ణబిలం దగ్గర నుంచి ముందు ఒక పొర కొంచెం నెమ్మదిగా బయల్దేరింది, దాని లోరెంట్జ్ గుణకం (వేగం కాంతివేగానికి ఎంత దగ్గరో చెప్పే అంకె) 10 అనుకోండి. ఒక రోజు తర్వాత గుణకం 20తో ఇంకో పొర బయల్దేరింది. రెండూ కాంతివేగానికి చాలా దగ్గరగా పోతున్నాయి కాబట్టి వేగాల్లో తేడా అతి స్వల్పం. వెనకది ముందుదాన్ని అందుకునేసరికి సుమారు 270 కాంతి రోజుల దూరం వెళ్ళిపోతాయి. అయితే ఆ పొరలు తమ కాంతి వెంటే పరిగెత్తుతుండటంతో, మన గడియారంలో అదంతా ఒక రోజు స్థాయికి కుదించుకుపోతుంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే లెక్క ఇదే. దాదాపు తొమ్మిది నెలల ప్రయాణం మన గ్రాఫులో ఒక్క రోజు మెరుపు అవుతుంది.

మొదటి మెట్టు: ఏ బ్లాజార్?

కొత్తవాళ్ళకు నా సలహా: ప్రకాశవంతమైనది, ఎక్కువమంది గమనించేది తీసుకోండి. 3సీ 279 (రెడ్‌షిఫ్ట్, అంటే విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే అంకె, 0.536), 3సీ 454.3 (0.859), బీఎల్ లాసెర్టే (0.069), మార్కారియన్ 421 (0.031) నాలుగూ మంచివే. 3సీ 454.3 2010 నవంబరులో గామా ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన మూలంగా వెలిగింది, దానితో మొదలుపెడితే చేతికి స్పష్టమైన ఆకారం దొరుకుతుంది. ఓజే 287 జోలికి ఇప్పుడే వెళ్ళకండి. సుమారు 12 ఏళ్ళకోసారి దానిలో కనిపించే జంట మెరుపులకు రెండు కృష్ణబిలాల కథ ఒకటి ఉంది, అది వేరే చదువు.

రెండో మెట్టు: డేటా దింపుకోవడం, కడగడం

2008 జూన్ 11న నింగికెగిసిన ఫెర్మీ గామా కిరణాల ఉపగ్రహం మామూలు సర్వే పద్ధతిలో మూడు గంటలకోసారి ఆకాశమంతా చూస్తుంది. దాని డేటా నుంచి తయారైన ఫెర్మీ లైట్ కర్వ్ రిపాజిటరీ అందరికీ ఉచితం. బ్లాజార్ పేరు వెతికి, మూడు రోజులు, వారం, నెల అనే మూడు గడుల్లో (ఒక్కో చుక్కకు తీసుకునే కాల వ్యవధుల్లో) ఒకటి ఎంచుకుని, సీఎస్‌వీ ఫైలు దింపుకోండి. తారీఖు, ఫ్లక్స్ (మనకు అందే వెలుగు), దాని ఎర్రర్, ఫోటాన్ ఇండెక్స్ (తక్కువగా ఉంటే ఎక్కువ శక్తి ఫోటాన్ల వాటా ఎక్కువ), టీఎస్ అనే అంకె ఉంటాయి. టీఎస్ అంటే ఆ గడిలో మూలం నిజంగా కనబడిందా అన్నదానికి కొలమానం. టీఎస్ 4 అంటే రమారమి రెండు సిగ్మాలు, 9 అంటే మూడు; సిగ్మాలు పెరిగేకొద్దీ నమ్మకం ఎక్కువ.

ఇక్కడే మేం మొదటి ఆదివారం తప్పు చేశాం. కొన్ని గడుల్లో ఉన్నది కొలిచిన ఫ్లక్స్ కాదు, 'ఇంతకు మించి లేదు' అని చెప్పే పైహద్దు. వాటిని కూడా మామూలు చుక్కలుగా కలిపేశాం. దాంతో లేని చోట చిన్న చిన్న మెరుపులు మొలిచాయి, మధ్యాహ్నమంతా వాటి వెంట పడ్డాం. మీరు పైహద్దులను వేరే గుర్తుతో, కిందికి చూసే బాణంతో గీయండి. సగటులో, వేరియన్స్‌లో (సగటు నుంచి తేడాల వర్గాల సగటులో) వాటిని కలపకండి. ఎర్రర్ ఫ్లక్స్‌తో సమానంగా ఉన్న చుక్కలను కూడా పక్కన పెట్టండి. ఇంకో మాట. 2018 మార్చిలో ఫెర్మీ సోలార్ ప్యానెల్ ఒకటి తిరగడం ఆగిపోయింది, అప్పటినుంచి ఆకాశాన్ని చూసే క్రమం మారింది. ఆ తర్వాతి కాలంలో గడికీ గడికీ ఎర్రర్ హెచ్చుతగ్గులు ఎక్కువగా కనబడితే ఆశ్చర్యపోకండి.

మూడో మెట్టు: ఎంత మారింది, ఎంత వేగంగా మారింది

మొత్తం మార్పును ఒక్క అంకెలో పట్టేది ఫ్రాక్షనల్ వేరియబిలిటీ. ఫ్లక్స్‌ల వేరియన్స్ తీసుకోండి. దాన్నుంచి ఎర్రర్ వర్గాల సగటు తీసేయండి. మిగిలినదాన్ని సగటు ఫ్లక్స్ వర్గంతో భాగించి వర్గమూలం తీయండి. సగటు 4, వేరియన్స్ 6, ఎర్రర్ వర్గాల సగటు 1 అయితే, 5ను 16తో భాగించి వర్గమూలం తీస్తే 0.56 వస్తుంది. అంటే కొలత పొరపాట్లను పక్కనపెట్టాక కూడా వెలుగు సగటుకు 56 శాతం అటూ ఇటూ ఊగుతోంది.

వేగానికి 'రెట్టింపు కాలం' చూడాలి. ఒక మెరుపులో ఫ్లక్స్ ఆరు రోజుల్లో 2 నుంచి 7కు పెరిగిందనుకోండి. ఆరును 2 సహజ లాగరిథమ్ అయిన 0.693తో గుణించి, 7ను 2తో భాగిస్తే వచ్చే 3.5 సహజ లాగరిథమ్ అయిన 1.253తో భాగిస్తే 3.3 రోజులు. మీ గడి వెడల్పు కంటే తక్కువ రెట్టింపు కాలం వస్తే దాన్ని నమ్మకండి. మూడు రోజుల గడితో కొలిచి గంటల మార్పు కనిపెట్టాననడం, గోధుమలు జల్లించే జల్లెడతో మైదాపిండి జల్లించానన్నట్టే ఉంటుంది.

నాలుగో మెట్టు: మెరుపు పుట్టిన చోటు ఎంత పెద్దది

ఒక వస్తువు తన గుండా కాంతి ప్రయాణించే సమయం కన్నా వేగంగా, ఏకమొత్తంగా వెలుగు మార్చుకోలేదు. రెట్టింపు కాలాన్ని కాంతివేగంతో గుణిస్తే గరిష్ఠ పరిమాణం వస్తుంది. జెట్ మనవైపు దూసుకొస్తోంది కాబట్టి డాప్లర్ గుణకంతో (ఆ రాక వల్ల సమయం ఎన్ని రెట్లు కుదించుకుపోయి కనబడుతుందో చెప్పే అంకెతో) గుణించాలి, విశ్వ విస్తరణ వల్ల సమయం సాగుతుంది కాబట్టి ఒకటి కలిపిన రెడ్‌షిఫ్ట్‌తో భాగించాలి. 3సీ 279కు 3.3 రోజులు, డాప్లర్ గుణకం 20 అనుకుంటే: 3.3 × 20 ÷ 1.536, అంటే సుమారు 43 కాంతి రోజులు. కిలోమీటర్లలో రమారమి లక్షా పది వేల కోట్లు. సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దూరానికి దాదాపు 250 రెట్లు. వేల కాంతి సంవత్సరాల జెట్‌లో ఇది చిన్న ముడి మాత్రమే.

డాప్లర్ గుణకం గురించి ఒక మాట. అది 10 అయితే వెలుగు వెయ్యి నుంచి పదివేల రెట్ల దాకా పెరిగి కనబడుతుంది. ఈ వేగాల వల్లే జెట్‌లోని ముడులు కాంతిని మించి కదిలినట్టు కనబడతాయి. లోరెంట్జ్ గుణకం 10 ఉన్న ముడి మన చూపు రేఖకు 5.7 డిగ్రీల కోణంలో వస్తే, ఆకాశంలో కాంతివేగానికి దాదాపు పది రెట్లు కదిలినట్టు తోస్తుంది. నిజంగా దేనినీ మించలేదు. తన కాంతి వెంట తానే పరిగెత్తడం వల్ల వచ్చిన భ్రమ.

ఈ మెట్టులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. 2006 జూలైలో హెస్ గామా కిరణ టెలిస్కోపులు పీకేఎస్ 2155-304 అనే బ్లాజార్ వెలుగు కొద్ది నిమిషాల్లోనే రెట్టింపు కావడం చూశాయి. వంద కోట్ల సూర్యుళ్ళ కృష్ణబిలం వ్యాసార్ధం దాటడానికే కాంతికి సుమారు 2.7 గంటలు కావాలి. జెట్ అడ్డుకొలతంతా నిండిన మామూలు షాక్ ఇంత వేగంగా మెరవలేదు. జెట్ లోపల చిన్న జెట్‌లు, అయస్కాంత రేఖలు తెగి మళ్ళీ అతుక్కోవడం, షాక్ గుండా పోయే సుడుల కల్లోలం లాంటి ఊహలు ఇలాంటి మెరుపుల వల్లే బలపడ్డాయి. కాబట్టి మీ లెక్కలో నిమిషాలు వస్తే 'షాక్' అనే మాటను కొంచెం దూరంగా ఉంచండి.

ఐదో మెట్టు: ఇది షాకేనా? నాలుగు ప్రశ్నలు

ఈ పనికంతటికీ గుండెకాయ ఇదే. ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

మొదటి ప్రశ్న ఆకారం గురించి. మెరుపు ఎక్కడానికి పట్టిన కాలం, దిగడానికి పట్టిన కాలం వేర్వేరుగా కొలవండి. దిగే కాలంలోంచి ఎక్కే కాలం తీసేసి, రెండింటి మొత్తంతో భాగించండి. సున్నా దగ్గరైతే సమతూకం, 1 దగ్గరైతే చప్పున ఎక్కి మెల్లగా దిగింది. షాక్ ముందు అంచు ఎలక్ట్రాన్లకు చప్పున శక్తినిచ్చి, ఆ తర్వాత అవి మెల్లగా చల్లబడితే రెండో రకం రావాలి. సమతూకంగా వస్తే షాక్ కాదని తేల్చకండి. చల్లబడటం చాలా వేగంగా జరిగితే, ఆ ముడి గుండా కాంతి ప్రయాణించే కాలమే రెండు వైపులా కనబడుతుంది, గుట్ట సమంగా వస్తుంది.

రెండోది రంగు. ఫ్లక్స్‌ను అడ్డంగా, ఫోటాన్ ఇండెక్స్‌ను నిలువుగా గీయండి, తక్కువ ఇండెక్స్ పైకి ఉండేలా. మెరుపులోని చుక్కలను కాలక్రమంలో గీతతో కలపండి. ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు ముందుగా చల్లబడతాయి కాబట్టి, ఎక్కేటప్పుడు గట్టి (ఎక్కువ శక్తి) వెలుగు, దిగేటప్పుడు మెత్తని (తక్కువ శక్తి) వెలుగు వచ్చి, గీత గడియారం ముల్లు తిరిగే దిశలో ఒక చుట్టు చుడుతుంది. ఇలాంటి చుట్టు షాక్ కథకు బలమైన సాక్ష్యం. మరో అవకాశం ఏమిటంటే జెట్ వంగి మనవైపు కాస్త తిరగడం. అప్పుడు కూడా వెలుగు బాగా పెరుగుతుంది, కాకపోతే రంగు పెద్దగా మారదు, ఎక్కడం దిగడం సమంగా ఉంటాయి. గామా ఇండెక్స్‌లో ఎర్రర్ పెద్దది కాబట్టి, ప్రకాశవంతమైన మెరుపుల్లోనే ఈ చుట్టు నమ్మేట్టు కనబడుతుంది.

మూడోది ఆలస్యం. దృశ్యకాంతి డేటా ఆకాశాన్ని పదేపదే ఫోటోలు తీసే జ్వికీ సర్వే నుంచి, ఔత్సాహికుల సంఘమైన ఆవ్సో నుంచి దొరుకుతుంది. 15 గిగాహెర్ట్జ్ రేడియో కోసం ఓవెన్స్ వ్యాలీ 40 మీటర్ల టెలిస్కోప్ ఏళ్ళ తరబడి బ్లాజార్లను గమనిస్తోంది. జెట్ మొదట్లో పదార్థం రేడియోకు దట్టమైన పొగమంచు లాంటిది, రేడియో అందులోంచి బయటకు రాలేదు. షాక్ ముందుకు వెళ్ళి, పలుచనైన చోటుకు చేరాకే రేడియోలో కనబడుతుంది. అందుకే గామా మెరుపు తర్వాత వారాలకో నెలలకో రేడియో గుట్ట లేస్తుంది. 1985లో మార్షర్, గేర్ చెప్పిన షాక్ నమూనా ప్రకారం, షాక్ జెట్ వెంట సాగే కొద్దీ వెలుగు శిఖరం పౌనఃపున్యంలో కిందికి జారుతుంది. ముందు కాంప్టన్ నష్టాల దశ (ఎలక్ట్రాన్లు ఫోటాన్లను ఢీకొట్టి శక్తి పోగొట్టుకోవడం), తర్వాత సింక్రోట్రాన్ నష్టాల దశ, చివర్లో వ్యాకోచించి చల్లబడే దశ.

ఆలస్యం లెక్క వేయడానికి 1988 నాటి ఎడెల్సన్, క్రోలిక్‌ల డిస్క్రీట్ కోరిలేషన్ పద్ధతి (రెండు గ్రాఫులు ఎంత కలిసి ఊగుతున్నాయో కొలిచేది; 1 అయితే పూర్తిగా) సరిపోతుంది. చుక్కల మధ్య ఖాళీలున్నా అది పనిచేస్తుంది. చాలామంది జారిపడే చోటు మాత్రం దాని తర్వాతే వస్తుంది. బ్లాజార్ వెలుగు మెల్లగా ఊగే యాదృచ్ఛిక అల. ఏమాత్రం సంబంధం లేని రెండు అలలను పక్కపక్కన పెట్టినా ఎక్కడో ఒకచోట గుట్టలు కలుస్తాయి, కోరిలేషన్ 0.7 కూడా రావచ్చు. దీనికి మేం చేసిన పరీక్ష సులువైనది. 3సీ 279 గామా గ్రాఫును దాని రేడియోతో పోల్చాం. తర్వాత అదే గామాను వేరే బ్లాజార్ల రేడియో గ్రాఫులతో ఒక్కొక్కటిగా పోల్చాం. ఆ అసంబద్ధ జంటల్లో చాలావాటికి కూడా అంతే కోరిలేషన్ వస్తుంటే, మీకు దొరికిన ఆలస్యానికి విలువ లేదు. నూరు అసంబద్ధ జంటల్లో ఒకటో రెండో మాత్రమే మీ అంకెను దాటితే, అప్పుడు రాసుకోండి. ఈ ఒక్క పరీక్ష వదిలేసి ఆలస్యం గురించి మాట్లాడొద్దని నా విన్నపం.

నాలుగోది ధ్రువణం, అంటే కాంతి తరంగాలు ఎంతవరకు ఒకే దిశలో ఊగుతున్నాయన్నది. షాక్ చిక్కుపడ్డ అయస్కాంత రేఖలను నొక్కి, జెట్‌కు అడ్డంగా వరసలో పెడుతుంది. అప్పుడు వెలుగు ధ్రువణం పెరిగి, దాని దిశ జెట్ వెంటే ఉంటుంది. 2021 డిసెంబరులో వెళ్ళిన, ఎక్స్ కిరణాల ధ్రువణం కొలిచే ఇక్స్‌పీ ఉపగ్రహం 2022లో మార్కారియన్ 501 అనే బ్లాజార్‌ను చూసినప్పుడు, ఎక్స్ కిరణాల ధ్రువణం సుమారు 10 శాతం వచ్చింది, దృశ్యకాంతిలో కన్నా దాదాపు రెట్టింపు, దిశ జెట్ వెంటే. షాక్ దగ్గర అప్పుడే శక్తి అందుకున్న ఎలక్ట్రాన్లు క్రమమైన క్షేత్రంలో ఎక్స్ కిరణాలిస్తాయి, అవి దూరం జరిగి కల్లోలంలో కలిశాక దృశ్యకాంతి ఇస్తాయి. అనుకున్న కథకు ఇంత చక్కగా సరిపోయిన కొలత ఈ రంగంలో అరుదు. 2005లో బీఎల్ లాసెర్టేలో ధ్రువణ దిశ సుమారు 240 డిగ్రీలు తిరగడం ఇంకో మాదిరి గుర్తు: ఒక ముడి మెలి తిరిగిన అయస్కాంత క్షేత్రం గుండా పోతోందని.

ఆరో మెట్టు: బొమ్మలో వెతకడం

గ్రాఫ్ చెప్పినదాన్ని బొమ్మతో సరిచూడవచ్చు. మోజావే బృందం 15 గిగాహెర్ట్జ్‌లో, బోస్టన్ విశ్వవిద్యాలయ బృందం 43 గిగాహెర్ట్జ్‌లో తీసిన జెట్ బొమ్మలు బహిరంగంగా ఉన్నాయి. మీ మెరుపు తారీఖు ముందూ వెనకా నెలల బొమ్మలు వరసగా తెరవండి. జెట్ మొదట్లోని ప్రకాశవంతమైన బిందువు నుంచి కొత్త ముడి విడివడి వస్తోందా? దాని దూరాన్ని తారీఖులతో గీసి వెనక్కి పొడిగిస్తే, అది ఆ బిందువును దాటిన రోజు తెలుస్తుంది. ఆ రోజూ మీ మెరుపూ దగ్గరపడితే, కదిలే షాక్ ఒక నిలిచిన షాక్ గుండా వెళ్ళిందన్న వివరణ ముందుకొస్తుంది. సింకులోని గట్టు గుండా ఒక పెద్ద అల పోయినట్టు.

టెలిస్కోప్‌తో చూడాలనుకుంటే

బెంగళూరు ఆకాశం వెలుతురుతో నిండిపోయింది, అది బాధే. అయినా 3సీ 273 అనే బ్లాజార్ వంటివి చేతికి అందుతాయి. దాని ప్రకాశం 13వ తరగతికి అటూ ఇటూ (తరగతి అంకె పెరిగేకొద్దీ మసక). ఆరు నుంచి ఎనిమిది అంగుళాల టెలిస్కోప్, చిన్న కెమెరా చాలు. కన్యారాశిలో ఉంది కాబట్టి ఫిబ్రవరి నుంచి మే వరకు మంచి కాలం, మన 13 డిగ్రీల అక్షాంశం నుంచి దాదాపు నడినెత్తికి వస్తుంది. బీఎల్ లాసెర్టే అక్టోబరు, నవంబరుల్లో వాన తెరిపి ఇచ్చాక సాయంత్రాలు. మార్కారియన్ 421 పక్కనే కంటికి లీలగా కనిపించే 51 సప్తర్షి నక్షత్రం కాంతి అడ్డొస్తుంది, మొదట్లో దాన్ని వదిలేయండి. ఆవ్సో మ్యాపులోని పోలిక నక్షత్రాలను అదే ఫ్రేములో పెట్టి, ఒకే ఫిల్టర్‌తో, ప్రతి రాత్రీ పది పదిహేను ఫ్రేములు తీసి కలపండి. మేఘాలుంటే వదిలేయండి, చెడ్డ కొలత కన్నా ఖాళీ మేలు.

ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఇంకో అదృష్టం ఉంది. కోరమంగలలోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ లద్దాఖ్‌లోని హాన్లేలో నడిపే రెండు మీటర్ల చంద్ర టెలిస్కోప్‌ను మన హోసకోటె దగ్గరి కేంద్రం నుంచే దూరనియంత్రణలో తిప్పుతారు. అదే హాన్లేలో 21 మీటర్ల మేస్ గామా టెలిస్కోప్ కూడా ఉంది. తమిళనాడులోని కావలూరు వేధశాలకు పేరిచ్చిన వైను బప్పు చెన్నైలో పుట్టి, తండ్రి పనిచేసిన హైదరాబాదు నిజామియా వేధశాల నీడలో పెరిగినవాడు. ఆయన పేరు మీద ఉన్న 2.3 మీటర్ల టెలిస్కోప్ ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇక మా 3సీ 279 సంగతి. ఆ 2015 జూన్ మెరుపులో ఫెర్మీ నిమిషాల స్థాయి మార్పులు పట్టింది, మా మూడు రోజుల గడి అక్కడే చేతులెత్తేసింది. నోటుబుక్కులో ఆ మెరుపు పక్కన 'ఆకారం: చూడలేదు, రంగు: గట్టిపడింది, ఆలస్యం: పరీక్షలో నిలవలేదు, ధ్రువణం: వెతకాలి' అని తమ్ముడు తన చేత్తో రాశాడు. వచ్చే ఆదివారం 3సీ 454.3 2010 నవంబరు మెరుపు తెరుస్తున్నాం.